నాలుగో రిమ్ము

వెనక చక్రం రిమ్ము మూడోసారి సొట్టపోయిన ఉదయం నా భార్య మార్త ఆటో మాట్లాడుకుని కొండ కిందికి వచ్చింది. నా మోచేతి మీది గాయాన్ని ఒక నిమిషం, సైకిలును అంతకంటే ఎక్కువసేపు పరీక్షించింది. ముప్ఫై నాలుగేళ్ళు నర్సుగా పనిచేసిన మనిషి కనుక ఆమె కంగారుపడదు. తీర్పు చెబుతుంది.

"ఏవండీ, ఇది మూడోది. నాలుగోది గనక పోయిందంటే ఈ సైకిలు ఆ ఫిన్నీవాళ్ళ సైకిళ్ళ క్లబ్బుకి ఇచ్చేస్తా. తర్వాత నాకు చెప్పలేదనొద్దు."

"తప్పు రిమ్ముది, మార్తా. తొక్కేవాడిది కాదు."

"తప్పెవరిదైతేనేం, కట్టు కట్టేది నేనేగా!"

ఆటో డ్రైవరు పెద్దగా నవ్వాడు. తన పనిలో అంత ఉత్సాహం చూపని మనుషులే పరాయి సంసారంలో ఇంత ఉత్సాహం చూపుతారు. నా సైకిలును ఆటో వెనక ఒక పాత చీరముక్కతో కట్టి, గంటసేపటి దారిలో మూడుసార్లు దిగి ఆ ముడిని మళ్ళీ బిగించాడు.

నా వయసు అరవై ఏడు. బరువు తొంభై రెండు కిలోలు. విద్యుత్కేంద్రంలో బాయిలర్ మరమ్మతుల విభాగానికి అధిపతిగా పదవీ విరమణ చేశాను. నా ఈడువారు తెల్లవారుజామున అపార్టుమెంటు చుట్టూ పది చుట్లు తిరిగి, ఎవరి షుగరు ఎంత ఉందో ఒకరికొకరు నివేదించుకుంటారు. ఆ నివేదికలు నెలరోజులు విన్న తరువాత నేను సైకిలు కొన్నాను. మామూలు సైకిలు కాదు. కొండ మీది రాళ్ళబాటల్లో తొక్కడానికి తయారైనది. లావు టైర్లు, ముందూ వెనకా స్ప్రింగులు, తొక్కేవాడికి కొంచెం ధైర్యం ఉంటుందన్న నమ్మకంతో గీసిన చట్రం.

ఇబ్రహీంపట్నం దాటిన తరువాత కొండపల్లి కొండల వెనకగా ఒక రాతిబాట దిగుతుంది. నేను పుట్టింది పామర్రులో. అక్కడ కాలువ గట్టుకంటే ఎత్తయిన నేల లేదు. వారానికి నాలుగు ఉదయాలు ఆ బాట దిగడం నాకు ఎందుకంత ముఖ్యమో కొండ పక్కన పుట్టినవారికి చెప్పినా తెలియదు. రిటైరైన మనిషి ఎక్కడికి వెళ్ళినా జనం కుర్చీ చూపిస్తారు, మెట్టు దగ్గర చెయ్యి అందిస్తారు, "మెల్లగా అండీ" అంటారు. ఆ బాట ఒక్కటే నాతో ఆ మాట అనదు. అది పోతే నాకు మిగిలేది అపార్టుమెంటు చుట్టూ పది చుట్లు.

అందుచేత నాలుగో రిమ్మును ఎంచుకోవడం నాకు చిన్న విషయం కాదు.

మొదటి రిమ్ము సైకిలుతో వచ్చినది. ఏప్రిల్‌లో పోయింది. కొత్త సైకిళ్ళకు కంపెనీవారు ఏ రిమ్ము తగిలిస్తారో అందరికీ తెలుసు కనుక క్షమించాను. రెండోదాన్ని గవర్నర్‌పేటలో సైకిల్ షాపు నడిపే జోయెల్ సిఫారసు చేశాడు. "హెవీ రైడర్స్‌కి ఇదే కరెక్ట్ సార్, కళ్ళు మూసుకుని వేసుకోండి" అన్నాడు. కళ్ళు తెరిచే వేసుకున్నాను. ఇరవై నాలుగు రోజులు వచ్చింది. జోయెల్‌కు నాలుగు పేజీల ఉత్తరం రాశాను, ఇంగ్లీషులో, పేరాలకు వరస అంకెలు వేసి. నాసిరకం అనే అర్థం వచ్చే మాట అందులో ఏడుసార్లు ఉంది. అతను వాదించలేదు. షాపులోంచి మరో కంపెనీ రిమ్ము తీసి, తన నష్టానికి తానే మార్చి ఇచ్చాడు. వాదించనివాడు తప్పు ఒప్పుకున్నట్టేనని నేను నిర్ణయించుకున్నాను. ఆ మూడోది జూన్ చివర పోయింది.

ఇక ఈసారి ఎవరి సిఫారసూ అక్కరలేదనుకుని రెండు వారాలు చదివాను. రిమ్ముల గురించి లోకంలో ఎంత అజ్ఞానం ముద్రణకు నోచుకుందో అప్పుడే తెలిసింది. ఒకడు రిమ్ము బలాన్ని దాని రంగును బట్టి నిర్ణయిస్తాడు. ఇంకొకడు తాను ఒక్కసారి కూడా పడలేదు కాబట్టి తన రిమ్ము దృఢమైనదంటాడు. గడ్డం పెంచిన ఒక విదేశీ యువకుడు ఇరవై రెండు నిమిషాల వీడియోలో పంతొమ్మిది నిమిషాలు తన కుక్కను చూపించాడు. వాటన్నిటినీ వదిలేసి నేనే ఒక పట్టిక వేశాను. లోపలి వెడల్పు ముప్ఫై మిల్లీమీటర్లు. స్పోకులకు రంధ్రాలు ముప్ఫై రెండు, ఒక్కటి తగ్గకూడదు. లోపల రెండు గోడలు. అతుకు వెల్డింగు చేసినదై ఉండాలి, పిన్ను దిగ్గొట్టినది కాదు. బరువు ఆరువందల గ్రాములకు పైన. తేలికదనం మోజు పడేవారు ముందు తమ పొట్టల సంగతి చూసుకోవడం మర్యాద.

ఆ పట్టిక, ఒక వెర్నియర్, పోయిన మూడు రిమ్ములు తీసుకుని ఒక శనివారం ఉదయం గవర్నర్‌పేట వెళ్ళాను. రిమ్ములను సుతిలితాడుతో కలిపి కట్టి భుజాన వేసుకున్నాను. సిటీ బస్సు కండక్టరు, "ఏం సార్, సర్కస్ ఎప్పుడొచ్చింది?" అని అడిగాడు. టికెట్ ఇవ్వడం అతని ఉద్యోగమని గుర్తు చేశాను.

షాపులో జోయెల్‌తోపాటు ఫిన్నీ ఉన్నాడు. ఫిన్నీ మా చర్చి కుర్రవాడు, సాఫ్ట్‌వేరు ఉద్యోగి. సైకిలు తొక్కడంకంటే తొక్కబోయే ముందు ఫొటో దిగడంలో ఎక్కువ నైపుణ్యం సంపాదించాడు. మూల ముక్కాలి పీట మీద కూర్చుని పుల్లయ్య చక్రం అల్లుతున్నాడు. ఒకప్పుడు బీసెంట్ రోడ్డు చివర రిక్షా చక్రాలకు బెండు తీసేవాడు. రిక్షాలు పోయాక ఇక్కడికి చేరాడు. ఊళ్ళో ఖరీదైన సైకిళ్ళ చక్రాలన్నీ ఇప్పుడు అతని చేతి మీదుగా వెళ్ళేవే.

"వచ్చారా అంకుల్!" అన్నాడు ఫిన్నీ. "చెప్తే వినరు గానీ, కార్బన్ రిమ్ వేసేయండి. నేను వేశాగా. లైఫ్‌టైమ్ వారంటీ."

"ఎవరి లైఫు? దానిదా, నాదా?"

"అంటే... రిమ్‌దేలెండి."

"అది చచ్చేదాకా అది బతుకుతుందని హామీ ఇస్తున్నారన్నమాట. సంతోషం."

జోయెల్ నవ్వు ఆపుకోవడానికి కిందికి వంగి, అవసరం లేని డ్రాయరు ఒకటి తెరిచాడు. "సార్, కార్బన్ నిజంగా బానే ఉంటదండీ. కాకపోతే రాయి తగిలిందంటే మనకి బయటికి కనపడదు, లోపల చిట్లుద్ది. అల్యూమినియం అయితే సొట్ట కనపడుద్ది, పుల్లయ్య ప్లయర్‌తో సరిచేస్తాడు. మన రాళ్ళకి అల్యూమినియమే మేలు."

ఈ మాట నా పట్టికలో కూడా ఉంది. కానీ వ్యాపారి నోట నిజం వచ్చినప్పుడు దాన్ని రెండుసార్లు తూచాలి. నా పట్టికను బల్లమీద పరిచి, అతని దగ్గరున్న అల్యూమినియం రిమ్ములు ఐదింటినీ దింపించాను. వెర్నియర్‌తో గోడ మందం కొలుస్తూ ఒక్కొక్కదాన్నీ తిరస్కరించడం మొదలుపెట్టాను. మొదటిది పిన్ను అతుకు. రెండోదానికి ఇరవై ఎనిమిదే రంధ్రాలు. మూడోది ముప్ఫై రెండు రంధ్రాలదే, వెల్డింగు అతుకే, ఆరువందల నలభై గ్రాములు. కానీ అది నేను నాలుగు పేజీల ఉత్తరంలో నిందించిన రకమే కనుక కొలవకుండానే పక్కన పెట్టాను. నాలుగోది నారింజ రంగు.

"ఆ కలర్‌కి ఏమైందంకుల్? కెమెరాలో భలే పడుద్ది."

"నాయనా ఫిన్నీ, నేను పడేటప్పుడు కెమెరా పట్టుకునేవాడు ఉండడు."

ఐదోది బాగానే ఉంది. కానీ లోపలి వెడల్పు ఇరవై ఐదే. ఇంత పెద్ద నగరంలో ఒక మనిషి బరువును మోయగల అల్యూమినియపు వలయం లేదన్న నిర్ణయానికి వస్తున్న సమయంలో, నేను తెచ్చిన పాత రిమ్ములను తిరగేసి చూస్తున్న పుల్లయ్య తల ఎత్తాడు.

"గాలి ఎంత కొడతారండీ?"

"దానికీ దీనికీ సంబంధం లేదు. అయినా చెబుతాను." ఈ ప్రశ్న కోసం నేను ఎదురు చూస్తున్నానని ఒప్పుకోవాలి. జేబులోంచి రెండో కాగితం తీశాను. పైన వేసవి పట్టిక అని శీర్షిక ఉంది. "నా బరువుకు వెనక టైరులో ఇరవై ఎనిమిది పౌండ్లు ఉండాలి. కానీ బెజవాడ ఎండలో రాయి అరవై ఐదు డిగ్రీలకు కాగుతుంది. వేడికి గాలి పీడనం పెరుగుతుంది. ఎంత పెరుగుతుందో లెక్క కట్టాను: ఆరు పౌండ్లు. కనుక ఆ ఆరూ ముందే తగ్గించి, ఇరవై రెండు కొడతాను. మార్చి నుంచి ఒక్కరోజు కూడా తప్పలేదు."

"అంతేనండీ!" అన్నాడు పుల్లయ్య, ముఖం వెలిగిపోతుండగా. "మా అయ్య కూడా అదే చెప్పేవోడు. ఎండాకాలం గాలి తగ్గించి కొట్టాలి, లేపోతే టైరు పేలుద్దని. రిక్షావోళ్ళందరం అట్టాగే కొట్టేవోళ్ళం. మీరూ మాలాగేనన్నమాట!"

ఇంతకంటే పెద్ద అవమానం నాకు ఆ నెలలో జరగలేదు. ఎండాకాలం వస్తే ఈ జిల్లాలో స్కూటరు నుంచి ఎద్దుబండి టైరు దాకా అందరూ గాలి తగ్గిస్తారు. ఎంత తగ్గించాలో, ఎందుకు తగ్గించాలో ఒక్కరికీ తెలియదు. తాతలు తగ్గించారు కనుక వీరూ తగ్గిస్తారు. నేను భౌతికశాస్త్రంలో విశ్వవిద్యాలయానికి రెండోవాడిగా వచ్చినవాణ్ణి. నాది ఆ గుంపులో చేరే లెక్క కాదు.

"మీది అలవాటు, పుల్లయ్యా. నాది గణితం. తేడా ఉంది."

"తేడా ఏముందండీ? ఇద్దరం తగ్గిస్తన్నాంగా."

"చాలా ఉంది. మీ రిక్షా మధ్యాహ్నమంతా ఎండలో నిలబడి ఉండేది. దాని టైరు కాగుతుంది. నా సైకిలు ఒక్క క్షణం ఎండలో ఉండదు. తెల్లవారుజామున ఐదున్నరకు బయలుదేరుతాను, రాయి ఇంకా చల్లగా ఉండగానే దిగి, ఏడున్నరకల్లా..."

అక్కడ ఆగిపోయాను.

జోయెల్ డ్రాయరు మూశాడు. ఫిన్నీకి కూడా, ఆశ్చర్యంగా, అర్థమైనట్టే ఉంది. పుల్లయ్యకు మాత్రం అర్థం కాలేదు. "ఏడున్నరకల్లా ఏంటండీ?" అని అడిగాడు, తనవాడు దొరికిన ఆనందం ఇంకా ముఖంలో ఉంచుకునే.

నేను మొదటి రిమ్మును వెలుతురులో పెట్టి చూశాను. లోహం నాసిరకమైతే అతుకు దగ్గర విచ్చుకోవాలి, లేదా స్పోకు రంధ్రాల చుట్టూ చిట్లాలి. అతుకు చెక్కుచెదరలేదు. రంధ్రాలు శుభ్రంగా ఉన్నాయి. సొట్టలున్నది అంచుల మీద. ఎడమ అంచుకు ఎక్కడ సొట్ట ఉందో, సరిగ్గా దానికి ఎదురుగా కుడి అంచుకూ ఉంది. రెండో రిమ్ము కూడా అంతే. మూడోది కూడా అంతే. మెత్తబడ్డ టైరును రాయి పూర్తిగా అణిచి, రెండు అంచులనూ ఒకేసారి తాకితే తప్ప జంట సొట్టలు పడవు. చదువుకున్న ఏ మనిషైనా అరనిమిషంలో చెప్పగలడు. నేను ఆ రిమ్ములను మూడు నెలలు బాల్కనీలో దాచి, ఒక్కసారి కూడా పక్కపక్కన పెట్టి చూడలేదు.

ఇంకొక సంగతి కూడా అప్పుడే గుర్తుకు వచ్చింది. గాలి కొట్టేది నేను మధ్యాహ్నం భోజనం తరువాత, నలభై రెండు డిగ్రీల బాల్కనీలో. తెల్లవారేసరికి అది చల్లబడి మరో పౌండున్నర దిగుతుంది. లేని వేడి కోసం ఆరు తగ్గించి, ఉన్న చల్లదనానికి ఒకటిన్నర వదిలేసి, తొంభై రెండు కిలోలతో రాళ్ళ మీదికి దూకాను. ఇరవై పౌండ్ల గాలితో అన్ని రోజులు నిలిచినందుకు ఆ రిమ్ములకు నేను కృతజ్ఞత చెప్పాలి.

మా విభాగంలో ఒక నియమం ఉండేది. పెట్టింది నేనే. పగిలిన గొట్టాన్ని మార్చడం మరమ్మతు కాదు. ఎందుకు పగిలిందో రాసి, కింద సంతకం చేయడం మరమ్మతు. ఆ కాగితం లేకుండా కొత్త గొట్టం అడిగిన ఇంజనీర్లను నేను అందరిముందూ కడిగేసేవాణ్ణి. వారిలో ఒకాయన ఇప్పటికీ నన్ను చూస్తే రోడ్డు దాటిపోతాడు. అలాంటి నేను మూడు గొట్టాలు మార్చాను, ఒక్క కాగితం రాయలేదు. పైగా గొట్టం అమ్మినవాణ్ణి నాలుగు పేజీల్లో తిట్టాను.

నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. ఐదింటిలో ఏదో ఒకటి వేయించుకుని, ఇరవై ఎనిమిది పౌండ్లు కొట్టుకుంటే, నాలుగో రిమ్ము ఏళ్ళ తరబడి ఉంటుంది. మార్తకు తెలియదు. సైకిలు దక్కుతుంది. పైగా, చివరకు మంచి రిమ్మును ఎంచుకున్నది నేనేనన్న పేరు కూడా మిగులుతుంది. ఈ ఆలోచన నాకు వచ్చిందని, వచ్చి ఒక నిమిషం కూర్చుందని చెప్పుకోవడానికి సిగ్గుపడుతున్నాను.

"జోయెల్, ఆ మూడోది ఇవ్వండి," అన్నాను.

"ఏది సార్? ఆరొందల నలభై గ్రాములదా?" అతను రిమ్ము వంక, నా వంక మార్చి మార్చి చూశాడు. "సార్, అది... మీరు లెటర్ రాసింది దాని గురించేగా."

"తెలుసు. అదే కావాలి. నా ఉత్తరం ఎక్కడుంది?"

"ఫైల్లో ఉందండీ."

"దానికి జవాబు పంపుతాను."

"మీ లెటర్‌కి మీరే జవాబా అంకుల్?" అన్నాడు ఫిన్నీ. అతను ఇంతవరకు అన్న మాటల్లో తెలివైనది అదొక్కటే కనుక గద్దించలేదు.

పుల్లయ్య సాయంత్రానికి చక్రం అల్లి ఇచ్చాడు. చక్రం తిప్పితే అంచు గీత గీసినట్టు నిలబడింది. "వచ్చే ఎండాకాలానికి కూడా ఇరవై రెండే కొట్టండి సారూ, పేలదు," అని సలహా ఇచ్చాడు. అతనికి వివరించడానికి నాకు నోరు రాలేదు. ఒక మనిషి నన్ను తనవాడు అనుకోవడం వలన నాకు మేలు జరగడం అంతకుముందు నా జీవితంలో లేదు.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చిన తరువాత నివేదిక రాశాను. రెండు పేజీలు సరిపోయాయి. విఫలమైన భాగం: వెనక రిమ్ము, మూడు. లోహంలో దోషం: లేదు. అమ్మినవారి దోషం: లేదు. కారణం: తెల్లవారుజామున తొక్కే సైకిలుకు మధ్యాహ్నపు లెక్క వాడటం. బాధ్యుడు: అని రాసి, నా పేరు, డిగ్రీలు, పాత హోదా పూర్తిగా రాశాను. హోదా లేకపోతే తప్పు బరువు తగ్గుతుంది. ఒక ప్రతి జోయెల్‌కు పంపించాను. రెండోది మార్త ముందు పెట్టాను. షరతు ఆమెది కనుక కారణం తెలుసుకునే హక్కు ఆమెకుంది.

ఆమె కళ్ళజోడు పెట్టుకుని రెండు పేజీలూ చదివింది. తరువాత మొదటి పేజీ మళ్ళీ చదివింది.

"అంటే, మూడు రిమ్ములూ పోలేదు. మీరే పోగొట్టారు."

"అవును."

"ఆ జోయెల్ని అన్ని మాటలన్నారు, పాపం."

"అవును."

"నేను అప్పుడే అన్నా. మే నెల్లో ఆ టైరు నొక్కి చూసి, ఇదేంటండీ ఇడ్లీలా ఉంది అన్నా. ఏమన్నారు నన్ను?"

ఏమన్నానో నాకు గుర్తుంది. వాయు నియమాల గురించి నర్సింగు స్కూలులో చెప్పరని అన్నాను.

"సైకిలు ఇచ్చేయమంటావా?" అని అడిగాను.

మార్త కాగితాలు మడిచి, బైబిలు పక్కన పెట్టింది. "రిమ్ము తప్పయితే ఇచ్చేసేదాన్నే. ఇంకో రిమ్ము ఎప్పుడు పోద్దో ఎవరికి తెలుసు? తప్పు మీదయితే చూసుకోవచ్చు. ముప్ఫై నాలుగేళ్ళు చూసుకున్నది అలాంటోళ్ళనేగా." కొంచెం ఆలోచించి, "మీ ప్లాంటులో ఏదో ఉండేదే, సంతకం లేకపోతే ఎవర్నీ మిషను ముట్టుకోనిచ్చేవారు కాదు?" అంది.

"పర్మిట్."

"ఆఁ, అది. పెద్ద ఇంజనీరుగారినే గేటు బయట నలభై నిమిషాలు నిలబెట్టానని ఎన్నిసార్లు చెప్పారో నాకు. ఇక నుంచి అది నేనిస్తా."

మంగళవారం ఉదయం ఐదుంబావుకు హెల్మెట్టు పెట్టుకుని, కొత్త చక్రంతో గుమ్మం దగ్గర నిలబడ్డాను. మార్త ఒక చేతిలో కాఫీ గ్లాసుతో వచ్చి, రెండో చేత్తో గాలి కొలిచే గేజీని వెనక టైరుకు పెట్టింది. ముప్ఫై నాలుగేళ్ళు ఇతరుల రక్తపోటు చదివిన కన్ను. ముల్లును తొందరపెట్టదు.

"ఇరవై ఆరున్నర."

"నిన్న మధ్యాహ్నం సరిగ్గా ఇరవై ఎనిమిది కొట్టాను, మార్తా. రాత్రి చల్లబడి ఉంటుంది. ఒకటిన్నరకు ఏమీ కాదు."

"మీ కాగితంలో ఇరవై ఎనిమిదని రాశారు. కింద సంతకం కూడా చేశారు." గేజీ తీసి జేబులో వేసుకుంది. "పర్మిట్ లేదు."

పంపు లోపల బాల్కనీలో ఉంది. నేను బూట్లు విప్పి, అది తెచ్చి, హెల్మెట్టుతోనే వంగి గాలి కొట్టాను. మార్త వెంటనే వచ్చి చూడలేదు. గుమ్మం మెట్టు మీద కూర్చుని, కాఫీ మిగతా సగం తీరిగ్గా తాగింది. పక్క ఫ్లాటు పూర్ణచంద్రరావుగారు తన పది చుట్లకు బయలుదేరి, "ఏమండీ, గుమ్మం దగ్గరే ఆగిపోయారు?" అని అడిగారు.

"సంతకం కావాలండీ," అన్నాను.